అవ్వ కలిపిన వరస

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. నమ్మకపోవడమే కాదు, జనం వాటిని ఎందుకు నమ్ముతారో క్లాసులో కూర్చుని చదువుకున్నదాన్ని. మానవశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. ఎవరైనా మా ఇంట్లో ఏదో తిరుగుతోందంటే భయపడకుండా, ఎప్పటి నుంచి అని అడిగి రాసుకునే రకం. ఇది చదివి నన్ను పిచ్చిదాన్ననుకునేవాళ్ళు ఆ సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి.

మాది మేడ్చల్ దగ్గర గౌడవెల్లి. ఈ చదువులో చేరినప్పుడు బాపు ఒక్కటే అడిగాడు. "గీ సదువుకు ఏం నౌకరొస్తది బిడ్డా? బొక్కలు కొలుసుడా?"

ఎముకలు కొలవడమొక్కటే కాదు, మ్యూజియంలున్నాయి, గిరిజన సంక్షేమ శాఖ ఉంది, ఇప్పుడైతే పెద్ద కంపెనీలు కూడా జనం ఇళ్ళలో వస్తువులు ఎలా వాడుతున్నారో చూసి రమ్మని మా చదువు చదివినవాళ్ళనే పంపుతున్నాయి అని చెప్పాను. బాపు తల ఊపాడు గానీ నమ్మలేదు. అందుకే చదువు అయ్యేసరికి నాకు ఉద్యోగం కావాలి.

మా మేడం అప్పుడే ఒక ప్రాజెక్టు మొదలుపెడుతున్నారు. పొలాలు ప్లాట్లయ్యాక ఊళ్ళలో చుట్టరికాలు ఎలా మారాయన్నది విషయం. ఉన్నది ఒక్క పోస్టు. ఎవరి ఇంటర్వ్యూలు బాగుంటే వాళ్ళకు అన్నారు. పోటీలో ఉన్నది ఇద్దరం, నేనూ శిరీషా.

శిరీష నా క్లాస్‌మేట్. వాళ్ళ నాన్నగారి ఉద్యోగం వల్ల భీమవరం నుంచి వచ్చి మచ్చ బొల్లారంలో ఇల్లు కొనుక్కున్నారు. మంచి పిల్ల. అదే నా బాధ. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఏ ఊరికి పోయినా జనం దానికే చెప్పేవాళ్ళు. "మామ్మగారూ" అంటూ చాప మీద చతికిలబడితే చాలు, ముసలివాళ్ళు పెళ్ళిళ్ళు, పంపకాలు, తగాదాలు అన్నీ విప్పేవాళ్ళు. అదే ప్రశ్న నేను అడిగితే "నీకు తెల్వదా ఏంది? గౌడవెల్లి పిల్లవే గదా" అని నవ్వేసి లేచిపోయేవాళ్ళు. ఇక్కడి దాన్ని కావడమే నాకు అడ్డమైంది. మా వాళ్ళ సంగతులు మా వాళ్ళ నోటి నుంచే అది మూట కట్టుకుపోతుంటే కడుపు మండిపోయేది. దాచడానికేముంది, ఇప్పటికీ మండుతుంది.

ఆఖరి ఇంటర్వ్యూ శామీర్‌పేట మండలం లాల్‌గడి మలక్‌పేట్‌లో, ఒక అవ్వతో. ఇద్దరం వెళ్ళాలి. పొద్దున్నే శిరీష ఫోన్ చేసి జ్వరం, రాలేనంది. అయ్యో అన్నాను. మనసులో మాత్రం పండగ చేసుకున్నాను.

అవ్వ ఇల్లు ఊరి చివర, కొత్త లేఅవుట్ గోడకు ఆనుకుని ఉంది. నేను వెళ్ళేసరికి ఎండ బాగా ఎక్కింది. మా వైపు కొత్త మనిషి వస్తే ఎవరి బిడ్డవని అడిగి ముందు వరస కలుపుతారు. ఆ తర్వాతే అసలు మాట. అవ్వ అడిగింది. మా అమ్మ పుట్టింటి పేరు చెప్పాను. అవ్వ కాసేపు లెక్కలు వేసి ఒక్కసారిగా కళ్ళు తుడుచుకుంది. మా అమ్మమ్మ ఆమెకు స్వయానా చిన్నమ్మ బిడ్డ.

"గట్లయితే నాకు మనుమరాలివి" అంది.

ఇగ చూడండి, మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉంది. ఇది శిరీషకు దొరకని మనిషి, నా మనిషి అని పొంగిపోయాను.

రెండు విషయాలు ఆరోజు పట్టించుకోలేదు. అవ్వ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఒకటి నాకిచ్చి, రెండోది నా పక్కన ఖాళీ చాప మీద పెట్టింది. తనకోసమేమో అనుకున్నాను. తాగలేదు. ఇంకోటి, నేను అడిగే ప్రతి ప్రశ్నకూ అవ్వ నా పక్కకు చూస్తూ జవాబిచ్చింది. కళ్ళలో శుక్లాలేమో అనుకున్నాను.

తిరుగు బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డింగ్ విన్నాను. మొదట వినిపించిన గొంతు శిరీషది. "మామ్మగారూ, నమస్కారమండీ."

పాత ఫైలేమో అని చూశాను. ఆ రోజుదే. ప్రశ్నలు నావి, వరసా నాదే. నేను "అవ్వా" అన్న ప్రతిచోటా అది "మామ్మగారూ" అంటోంది. మా అమ్మ పుట్టింటి పేరు కూడా దాని గొంతులోనే ఉంది. ఆ పేరు నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు. నా గొంతు ఎక్కడా లేదు.

మధ్యలో అవ్వ అడుగుతుంది. "నీ పక్కపొంటి పిల్ల ఉలుకు పలుకు లేకుంట కూసున్నదేంది?"

శిరీష నవ్వు. "అది అంతేనండీ, మొహమాటం."

బస్సు దిగి నేరుగా మచ్చ బొల్లారం వెళ్ళాను. శిరీష నిజంగానే దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. పొద్దున్నుంచి మంచం దిగలేదని వాళ్ళమ్మగారు అన్నారు. రికార్డింగ్ వినిపిస్తే శిరీష లేచి కూర్చుంది. "ఇది నేనే. కానీ నేను రాలేదే" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

రికార్డింగ్ మేడంకి ఇవ్వక తప్పలేదు. అవ్వ దగ్గరికి పోయింది నేను కాదండీ అని శిరీషే వెళ్ళి చెప్పింది. మేడం నవ్వారు. స్నేహం ఉండాల్సిందే గానీ గొంతు వింటే తెలియదా అన్నారు. అన్నిటికన్నా మంచి ఇంటర్వ్యూ అదేనట. పోస్టు శిరీషకు వచ్చింది. దయ్యమో మరేదో, అది కూడా దాని వైపే చేరింది.

నాకు భయం కన్నా ఉక్రోషం ఎక్కువైంది. మళ్ళీ అవ్వ దగ్గరికి పోయాను. అవ్వ గుర్తుపట్టింది. లోపలికి వెళ్ళి, బొట్టు పెట్టిన రవిక బట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గా పిల్లకియ్యి. మనుమరాలు మొదటిపారి ఇంటికొస్తే ఉత్త చేతులతోటి పంపిన. ఇంతకు నువ్వు ఎవల బిడ్డవు? ఆ దినం అడుగనే లేదు."

చెప్పాను. మా అమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పేరు, అన్నీ చెప్పాను. అవ్వ చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

"మా వాళ్ళల్ల నువ్వు లేవు బిడ్డా."

ఇప్పుడు నేను ఒక కంపెనీ తరఫున ఇళ్ళకు వెళ్ళి, వాషింగ్ మెషీన్ ఎలా వాడతారని అడుగుతుంటాను. బాపు సంతోషంగానే ఉన్నాడు. ప్రతి రికార్డింగ్ మొదట్లో కాస్త విని చూసుకుంటాను. నా గొంతే ఉంటుంది. ఆ ఒక్కరోజు ఏమైందో ఎంత చదివినా అర్థం కాలేదు.

ఆ రవిక బట్ట నా బీరువాలోనే ఉంది. శిరీషకు ఇవ్వలేదు. ఇవ్వను కూడా.