మా అత్త, మచ్చ పలక

మా అత్త పోయిన మంగళవారం పొద్దున, ఎండ ఎక్కకముందే కన్నుమూసింది. కబురు తెలిసినాక మా పలకల కార్ఖానాలో పని ఆపమని ఎవరూ చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే ఆపినారు. మార్కాపురంలో ఆమెను ఎరిగినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బయటి ఊళ్ళవాళ్ళు ఆమె మొఖం చూడకపోయినా, ఆమె పలక మీద అక్షరాలు దిద్దే ఉంటారు. ఈ నాలుగు మాటలు వాళ్ళ కోసం.

మా మామ చనిపోయేనాటికి మా ఆయనకు ఇంకా మీసాలు రాలేదంట. పలకరాయి గనినీ, కార్ఖానానూ అమ్మేయమని బంధువులంతా వచ్చి కూర్చున్నారు. ఆమె అందరికీ అన్నం పెట్టి పంపించి, మరుసటి పొద్దున తాళంచెవులు నడుముకు దోపుకుని కార్ఖానాకు పోయింది.

నేను కోడలిగా వచ్చేనాటికి మా పలకల చెక్క చట్రం మీద ఎద్దు బొమ్మ ఉండేది. ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి, దాని కొనకు చెక్కిన బొమ్మను చెక్క మీద అద్దేవాళ్ళు. కింద కంపెనీ పేరు గూడా వేయిస్తే బాగుంటుంది గదా అత్తా అంటే నవ్వింది.

"పేరు మన సంబరానికమ్మా. బొమ్మ చదువు రానోళ్ళకు. బిడ్డకు పలక కొనే నాయన సంతలో దేన్ని చూసి కొంటాడు?"

ఎవరితో మాట్లాడుతున్నా ఆమె చేతిలో ఒక పలక ఉండేది. గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పగులుందేమోనని వినేది. ఇంట్లో కొత్త కుండలను గూడా అట్లనే తట్టి చూసేది. నాకు తెచ్చిన గాజులను తడుతుంటే ఒకసారి నాకు కోపం వచ్చింది. "పగిలినదాన్ని తొడుక్కుంటే తెగేది నీ చెయ్యేగదమ్మా" అనింది.

తరువాత మా పలకలు అమ్మిపెట్టే మద్రాసు ఏజెంటు వచ్చినాడు. ఎద్దు పల్లెటూరి బొమ్మ, రాజుగారి కిరీటం వేస్తే సర్కారు బడులు కొంటాయన్నాడు. ఎద్దును తీసేయడానికి ఆమెకు మనసొప్పలేదు. కానీ ఆ ఏడు వానల్లేవు, గనిలో దిగేవాళ్ళ ఇండ్లల్లో పొయ్యి వెలగాల. కిరీటం వేయించింది. సరుకు బాగానే పోయింది. అప్పుడే మా ఆయన ఖద్దరు కట్టినాడు. కిరీటమున్న పలకను మా బిడ్డ చేతికి ఇయ్యనిచ్చేవాడు కాదు. ఆయన తింటుంటే ఆమె ఎదురుగా కూర్చునేది. ఏం కావాలన్నా ఇద్దరూ వడ్డించే నాకే చెప్పేవాళ్ళు.

ఒక ఎండాకాలం, బడులు తెరిచే ముందు, స్టేషనుకు బయలుదేరిన మా బండ్లు కార్ఖానా గేటు దాటగానే ఆగిపోయినాయి. ఖద్దరు కట్టిన పిల్లగాండ్లు ఎద్దులకు అడ్డంగా నిలబడినారు. అందరికంటే ముందు మా ఆయన.

"అమ్మా, కిరీటం ఉన్న పెట్టె ఒక్కటి గూడా రైలెక్కదు."

"ఎక్కకపోతే ఈ పనోళ్ళంతా ఏం తింటారు నాయనా?"

"కిరీటం తీసెయ్. మేమే మోసుకపోయి ఎక్కిస్తాం."

"పెట్టెల్లో పలకల చుట్టూ గడ్డే గదా, అగ్గిపుల్ల గీయండి!" అని వెనకనుంచి ఎవరో అరిచినారు. బండ్లు తోలేవాళ్ళు చర్నాకోలలు పైకెత్తినారు. నేను బిడ్డను చంకనేసుకుని గేటు పట్టుకున్నా.

ఆమె కొడుకు మొఖంలోకి చూసి, "కుంపటి బయటికి తెండి. పెట్టెలు విప్పండి" అనింది.

కిరీటం కడ్డీని తిప్పి, గుండ్రంగా రూపాయి బిళ్ళంత ఉన్న వెనక కొనను నిప్పుల్లో పెట్టింది. అది ఎర్రబడినాక మొదటి చట్రం మీద తానే అద్దింది. చెక్క చుయ్యిమని పొగ లేచి, కిరీటం ఉన్నచోట నల్లటి మచ్చ మిగిలింది. మా ఆయన వచ్చి కింద కూర్చుని, రెండో పలక పట్టినాడు. అద్దినవి అద్దినట్టు పక్కన పేరుస్తుంటే ఇన్‌స్పెక్టరు జవాన్లతో దిగినాడు.

"రాజుగారి కిరీటం కాలుస్తారా? ఎవరు చేయించినారిది?"

మా ఆయన లేవబోయినాడు. ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. "నోరు తెరిస్తే నా మీద ఒట్టు" అని మెల్లగా చెప్పి, ముందుకు పోయింది.

"కంపెనీ నాది, గుర్తు నాది. వేసింది నేనే, తీసింది నేనే."

ఆమెను ఠాణాకు తీసుకపోయినారు. మేము బయట ఎండలోనే నిలబడినాం. లోపలినుంచి గట్టిగా మాటలు వినబడినప్పుడల్లా మా ఆయన గుమ్మం దిక్కు నడిచేవాడు, ఒట్టు గుర్తొచ్చి ఆగేవాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. పొద్దువాలేటప్పుడు బయటికి పంపినారు. కిరీటం వేయడానికి అనుమతి ఉందా అని ఇన్‌స్పెక్టరు అడిగినాడంట. లేదని చెప్పి, "అనుమతి లేకుండా వేసిందాన్ని తీసేస్తే తప్పెట్లయితుంది అయ్యా?" అనిందంట. మళ్ళీ పిలుస్తానని చెప్పి పొమ్మన్నాడంట. మెట్లు దిగుతూ కొడుకును చూసి ఒక్కటే అడిగింది.

"అన్నం తిన్నావా?"

ఆ తరువాత ఎన్నో నెలలు, వీధిలో సైకిలు గంట మోగితే చాలు, ఠాణా జవానేమోనని మా చేతుల్లో పని ఆగిపోయేది. ఆమె బింకంగా తిరిగేది కానీ, ఒక సంచిలో చీర, చెంబు సర్దిపెట్టుకుని ఉండేది. పిలుపు రాలేదు.

మచ్చపడిన సరుకు మాకొద్దని ఏజెంటు చెప్పించినాడు. ఆమె తానే బండెక్కి కురిచేడు, యర్రగొండపాలెం, గిద్దలూరు సంతలకు పోయింది. మా ఆయన బండి తోలినాడు. ఎట్లనో అమ్ముకొచ్చినారు. మరుసటి ఏడు చట్రం మీద ఏమీ లేకుండా పంపిస్తే దుకాణాలవాళ్ళు వెనక్కి పంపినారు. జనం మచ్చ పలకే అడుగుతున్నారంట, ఇవి వేరే కంపెనీవంటున్నారంట. ఏజెంటు తామర, నెమలి బొమ్మలు గీయించుకుని పరుగెత్తుకొచ్చినాడు. ఆమె వాటిని చాలాసేపు చూసి, బాగున్నాయని చెప్పి, వెనక్కి ఇచ్చేసింది. "వాళ్ళు గుర్తుపట్టేది మచ్చను. అదే వెయ్యండి." మచ్చను కొంచెం చిన్నది చేసి మూలకు జరిపింది. ఇప్పుడు మీరు చూసేది అదే.

మంగళవారం పలకలు రుద్దే ఆడోళ్ళు నీళ్ళ తొట్ల దగ్గరనుంచి లేచి, ఉన్నపళంగా వచ్చినారు. తడిచీరలతోనే ఆమె చుట్టూ కూర్చున్నారు. వాళ్ళు లేచిపోయినాక, చీరలనుంచి కారిన నీళ్ళు వసారా నిండా ఆరి, బూడిదరంగు పలకపొడి మిగిలింది. ఆమెను పడుకోబెట్టిన మేర ఒక్కటే పొడి లేకుండా, గచ్చు ఎర్రగా, నున్నగా ఉంది. మా ఆయన ఇంకా అక్కడ చీపురు పెట్టనియ్యలేదు.