ఒక్కటి కూడా ఉండదన్నాను

మగదోమ కుట్టదు. దోమల గురించి ఊరూరా చెప్పుకు తిరిగే ఉద్యోగంలో ఉండి కూడా ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. పాలకొల్లు అవతల, ఒకే మురుగుకాలువ వెంట ఉన్న మూడు ఊళ్ళకు నేను నర్సమ్మను. ఆ కాలువలో నీళ్ళు కదలవు. గుర్రపుడెక్క మాత్రం ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఆ ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా బోదకాళ్ళే. మా వైపు పెళ్ళిచూపుల్లో పిల్ల పాదాలు చూసేది అందం కోసం కాదు.

ఏటా బోదకాలు మాత్రలు పంచేదాన్ని. నా ఎదురుగా నోట్లో వేసుకుని, నేను గుమ్మం దాటగానే దొడ్లో ఉమ్మేసేవారు. మింగితే కళ్ళు తిరుగుతాయని భయం. నేను తిట్టేదాన్ని. నా నోటికి అప్పట్లో అదుపు లేదు, నా మాట మీద నాకు నమ్మకం మాత్రం చాలా ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పై రాష్ట్రపు ప్రయోగశాల నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చారు. ఆయనకు తెలుగు రాదు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా, ఊళ్ళు తెలిసినదాన్ని కాబట్టి ఆయన మాటలు జనానికి చెప్పే పని నాకు అప్పగించారు. జన్యువుల్లో చిన్న మార్పు చేసి పెంచిన మగదోమల్ని వదులుతారట. వాటితో కలిసిన ఆడదోమ గుడ్లు పెడుతుంది గానీ ఆ గుడ్లలోంచి పిల్లలు రావు. కొన్నాళ్ళకు ఊళ్ళో దోమ పలచబడుతుంది. అయితే కాలువ వెంట మూడు ఊళ్ళూ ఒప్పుకోవాలి. ఒక్క ఊరు కాదన్నా అక్కడి దోమలు పక్క ఊళ్ళకు ఎగిరొస్తాయి, పడ్డ శ్రమంతా దండగ. ఎగువ ఊరూ దిగువ ఊరూ అప్పటికే సంతకాలు పెట్టేశాయి. మధ్య ఊరు మిగిలింది. ఉన్నది ఉన్నట్టు చెప్పి అడుగుదాం, వద్దంటే సర్దుకుని వెళ్ళిపోదాం అని ఆయన మొదటిరోజే నాతో అన్నారు.

ఆ ఊరు ఒప్పుకోవాలని నేను దేవుడికి మొక్కుకున్నాను. కారణం ఒక పిల్ల.

తొంభైల మొదట్లో మాకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు టార్గెట్ ఉండేది. ఏడాది లెక్క తేల్చే మార్చి నెల వస్తే అన్నం సహించేది కాదు. ఆ మధ్య ఊరి పేటలో ఒక కూలి మనిషి ఉండేది, ఇద్దరు మగపిల్లలు. ఆమెను నేనే వెంటబెట్టుకుని క్యాంపుకు తీసుకెళ్ళాను. ఆపరేషన్ అయినా ఎప్పుడో ఎవరికో కడుపు నిలుస్తుంది, ఆ సంగతి ముందే చెప్పి మరీ తీసుకురండి అని డాక్టరుగారు మాకు చెబుతూనే ఉండేవారు. అలా చెబితే ఎవరొస్తారు? ఇంక నీకు కడుపు రాదు, పూచీ నాది అన్నాను. ఏడాది తిరక్కుండా ఆమె నెల తప్పింది.

భర్త ఆమెను అనుమానించాడు. నేను పరుగున వెళ్ళి, ఇలా ఎవరికో ఒకరికి జరుగుతుందయ్యా, ఆమె తప్పేం లేదని చెప్పాను. మరి అప్పుడెందుకు చెప్పలేదని అడిగాడు. నేను ఆమెను వెనకేసుకొస్తున్నానని అనుకున్నాడు. మగపిల్లలిద్దర్నీ తీసుకుని జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటల్లో పనికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పుట్టిన ఆడపిల్లను ఆమె నాట్లకూ కలుపులకూ వెళ్ళి పెంచుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఆ వీధిలోకి వస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేది. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ పిల్లకు పదకొండో ఏట చలిజ్వరాలు మొదలయ్యాయి. గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఎడమ పాదం చెప్పులో పట్టడం మానేసింది. ఎవరో కబురు చెబితే వెళ్ళి చూసి, వేలితో నొక్కాను. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. సైకిలెక్కి కాలువ గట్టు మీదికొచ్చి ఏడ్చాను.

మీటింగు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు పందిట్లో పెట్టారు. పాస్టరుగారు మైకులో చెప్పడంతో పేటవాళ్ళంతా కూర్చున్నారు, ఊళ్ళో రైతులూ వచ్చి కుర్చీలేసుకున్నారు. శాస్త్రవేత్త బల్ల మీద వల గుడ్డ కట్టిన పెట్టె పెట్టారు, నిండా దోమలు. నేను జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని చెయ్యి లోపల పెట్టాను. దోమలు వాలాయి, నడిచాయి, ఒక్కటీ కుట్టలేదు. ఒక ముసలాయన నవ్వుతూ వచ్చి తన చెయ్యి కూడా పెట్టాడు. జనం దగ్గరకు జరిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ఒక రైతు, ఈ మగవాటిలో ఆడదోమ కలిసొస్తే ఏంటి పరిస్థితి అని అడిగాడు. శాస్త్రవేత్త కాసేపు ఆలోచించి నిదానంగా, చాలాసేపు చెప్పారు. ఎంత జాగ్రత్తగా వేరుచేసినా కొన్ని కలిసి రావచ్చు, తాము కనిపెట్టుకుని ఉంటాం, తేడా కనబడితే ఆపేస్తాం అని. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరపెట్టి ఇంత అని చూపించారు. ఇది ఉన్నదున్నట్టు చెప్పమని నాతో అన్నారు.

నేను జనాన్ని చూశాను. ఇంకొక్క మాటకు ఒప్పుకునేలా ఉన్నారు. పందిరి చివర తల్లి పక్కన కూర్చున్న పిల్ల పాదం చూశాను.

"ఒక్కటి కూడా ఉండదండి. పూచీ నాది," అన్నాను.

ఆ తల్లి లేచి నిలబడింది. పన్నెండేళ్ళలో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"ఆయన చాలాసేపు చెప్పారండి. వేళ్ళతో ఇంత అని చూపించారు కూడానండి. మీరేమో ఒక్కటీ ఉండదంటున్నారు. నాకూ అప్పుడు ఇలాగే చెప్పారు కదండి."

అరవలేదు. మామూలుగా చెప్పి కూర్చుంది. ఆమె కథ తెలియనివాళ్ళు ఆ పందిట్లో లేరు. ఏమందని శాస్త్రవేత్త నన్ను అడిగారు. పాస్టరుగారే ఇంగ్లీషులో చెప్పారు. మళ్ళీ సరిగ్గా చెప్పండి అన్నారాయన నాతో. చెప్పాను, అక్షరం వదలకుండా. కానీ అప్పటికి నా నోట్లో నిజం కూడా అబద్ధంలాగే వినబడింది. ఆపరేషన్ల నర్సమ్మ ఆపరేషన్ దోమల్ని తెచ్చిందని ఎవరో అన్నారు. సాయంత్రానికి ఆ దోమ కుడితే మగాళ్ళకు పిల్లలు పుట్టరన్న మాట మూడు ఊళ్ళూ తిరిగింది.

పంచాయతీ వద్దంది. మిగతా రెండు ఊళ్ళ సంతకాలు చిత్తుకాగితాలయ్యాయి. దిగువ ఊరి సర్పంచిగారు నా దగ్గరకొచ్చి, మా నోట్లో మట్టి కొట్టారండి అని వెళ్ళిపోయారు. శాస్త్రవేత్త పెట్టె జీపులో పెట్టుకున్నారు. కాదన్నందుకు తనకు బాధ లేదట, సంగతంతా తెలిసి కాదని ఉంటే బాగుండేదట. ఆయన కోప్పడనందుకు ఇంకా సిగ్గేసింది. ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ రాసుకున్నాను, ఇవ్వలేదు. ఎక్కడికెళ్ళినా ఈ నోరు నాతోనే వస్తుంది.

ఇంక నా చేతిలో మిగిలింది సబ్బూ, బకెట్టూ, పాత తువ్వాలు. రోజూ కాలు కడిగి తడి లేకుండా తుడిస్తే జ్వరాలు తగ్గుతాయి. అర్జీ తిరిగొచ్చిన మర్నాడు ఉదయం అవి పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. ఈసారి తల్లి లోపలికి వెళ్ళలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. పిల్ల కాలు నా ఒళ్ళో పెట్టుకుని కడుగుతుంటే ఆ పిల్లే అడిగింది.

"తగ్గిపోద్దాండి?"

తగ్గిపోతుందమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తగ్గదమ్మా. రోజూ ఇలా కడుక్కుంటే పెరక్కుండా ఉండొచ్చు. అదీ నేను గట్టిగా చెప్పలేను."

పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. తల్లి చెంగుతో పిల్ల కళ్ళు తుడిచింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"అప్పుడు మీరిలా చెప్పినా వచ్చేదాన్నేనండి. నాకూ ఇంక పిల్లలు వద్దనే ఉండేది. కాకపోతే మా ఆయనకి ముందే తెలిసుండేదండి."

పిల్ల కాలివేళ్ళ మధ్య తడి తుడుస్తూ ఉండిపోయాను.