బండి నడుస్తుండగా

డిపోలో ఆయన్ని అందరూ 'నోటితాళం' అనేవారు. ముప్పైరెండేళ్లు బస్సు నడిపి ఒక్క ప్రమాదమూ చేయని మనిషి. స్టీరింగ్ పట్టుకుంటే నోరు మెదపడు, పక్కవాణ్ణి మెదపనివ్వడు. పెళ్లైన కొత్తలో భార్య ఒకసారి ఆయన బస్సెక్కి, వెనక సీట్లో కూర్చుని, "ఏవండీ, ఆ చెరువు చూడండి!" అంది. ఆయన బ్రేకు తొక్కి, బస్సెడు జనం ముందు తన నెత్తిమీది బోర్డు చూపించాడు.

"బండి నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు. చదువొచ్చుగా?"

ఆ సంగతి ఆయన మర్నాటికే మరచిపోయాడు. అన్నవాడికి మరుపు తేలికే, పడ్డవాళ్లకే కష్టం.

ఆయన రిటైరయ్యాక కూతురు ఇద్దరికీ యూరప్ యాత్ర ఏర్పాటు చేసింది. "నాన్నా, అక్కడ తిరగడానికి రైలా, కారా?" అని అడిగింది.

"రైలెక్కుదామండీ. పక్కపక్కన కూర్చోవచ్చు," అంది భార్య.

"కార్లో అయితే నిన్ను డిక్కీలో పడేస్తానా? పరాయివాడు నడిపితే నాకు కాలూ చెయ్యీ ఆడదు. పైగా కారైతే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు."

తన మాట నెగ్గించుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆవిడ సరేనంది.

అక్కడ స్టీరింగ్ అలవాటు లేని వైపు. ఎనిమిది రోజులూ ఆయన కళ్లు రోడ్డుమీది తెల్లగీతను వదల్లేదు. ద్రాక్షతోటలు, సరస్సులు పక్కనుంచే వెళ్లిపోయాయి. దారిలో ఆపింది పెట్రోలు బంకుల దగ్గరే. గలగలమనే మనిషి ఇలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందేమిటని ఒకసారి అనుకున్నాడు. అలసిపోయిందిలే అని సరిపెట్టుకున్నాడు.

చివరి రోజు కారు అప్పగించి, విమానాశ్రయానికి రైలెక్కారు. అరగంట ప్రయాణం. రైలు కదలగానే ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఇక్కడ మాట్లాడొచ్చాండీ?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. తర్వాత బస్సులో తన నెత్తిమీది బోర్డు గుర్తొచ్చింది.

"మాట్లాడు," అన్నాడు.

కట్ట తెగినట్టు మొదలుపెట్టింది. మొదటి రోజు ఎర్రతలుపుల ఇంటి మెట్లమీద ఉల్లిపాయలు ఒలుస్తున్న ముసలాయన అచ్చం మామయ్యగారిలాగే ఉన్నాడట. రెండో రోజు సరస్సు ఒడ్డున ఆడవాళ్లు చెప్పులు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టుకున్నారట.

"నాకూ దిగాలనిపించింది."

"ఆపమంటే ఆపేవాణ్ణిగా!"

"బండి నడుస్తోంది కదండీ," అంది, నిష్ఠూరమేమీ లేకుండా.

తిట్టినా బాగుండేది. చనిపోయిన తన నాన్న పోలికను కూడా పక్కనుంచే దాటించుకొచ్చాడు. ఒక్క ప్రమాదమూ చేయలేదని ఊరంతా చెప్పుకున్న మనిషి సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"అదిగో, అటు చూడండి!" అని ఆవిడ కిటికీ చూపించింది. ముప్పైరెండేళ్ల అలవాటు, కళ్లు నేరుగా ముందుకే పోయాయి. అటు తిప్పేసరికి ఆ చోటు వెనకబడింది.

"ఏముందక్కడ?"

"పోనీలెండి. మూడో రోజేమైందంటే..."

రైలు నెమ్మదించింది. జనం సామాన్లు దించుకుంటున్నారు. ఆయన మాత్రం లేవకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మూడో రోజు ఏమైంది? చెప్పు."

"స్టేషనొచ్చిందండీ," అంది ఆవిడ, బ్యాగు అందుకుంటూ.