పైడయ్య గీసిన గడ్డం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఏడిపించడమే నా పని. నాలుగో తరగతితో బడికి దండం పెట్టినవాణ్నే గానీ, అలాంటివి ఏనాడూ నమ్మలేదు. అందుకే ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది ప్రాంతం. నెల్లిమర్లలో మిల్లు పని. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరని విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. జబ్బు తిరగబెట్టకుండా ఆడవాళ్ల హార్మోను మాత్రలు రాశారు. రోజుకొకటి, మానితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

కొన్ని నెలలకు గడ్డం పలచబడింది. రొమ్ములు పొంగి, చొక్కా తగిలినా నొప్పి. మిల్లులో ఒకడు, "బావా, రవిక కుట్టించమంటావేటి?" అన్నాడు. ఊరందర్నీ ఏడిపించే నాకు ఆ రోజు నవ్వు రాలేదు. అప్పట్నించి రోజూ సీసాలోంచి మాత్ర తీసి పెరట్లో పారేసేవాణ్ని. మా ఆవిడక్కూడా చెప్పలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న అరుగు మీద గడ్డం చేయించుకుంటున్నాను. మా ఇంటికి ఎప్పుడూ వచ్చే మంగలి పైడయ్యే. అలవాటుగా కళ్లు మూసుకున్నాను. చెంప మీద కత్తి ఆగింది.

"గెడ్డం మళ్లీ ముదురుతంది. మందు మానీసినావేటి బావా?"

"నీ కత్తి మొద్దయిపోనాదిరా."

"కత్తి బాగానే ఉన్నాది. మందేసుకో."

పటిక రాశాడు, చుర్రుమంది. కళ్లు తెరిచేసరికి ఎవరూ లేరు. తొందరలో ఉన్నాడనుకున్నాను. వంటింట్లో ఉన్న మా ఆవిడ కత్తి నూరిన చప్పుడు విందట, మనిషిని చూడలేదు.

బుధవారం పైడయ్య వచ్చి, నన్ను చూసి మొహం మాడ్చుకున్నాడు. "శుక్రవారం నౌపడ పెళ్లికెళ్లి ఇప్పుడే దిగేను. నానొచ్చీదాకా ఆగలేపోనావా? ఎవుడి సేత గీయించేసుకున్నావు?"

"ఆదివారం పొద్దున్న గీసింది నువ్వు కాదేట్రా! నాతోనా ఏలాకోలం?"

నా గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పాడు. చెవి కింద పుట్టుమచ్చ దగ్గర అతను ఎప్పుడూ తెగుతుందని వదిలేసే నాలుగు వెంట్రుకలు అలాగే ఉన్నాయి. చటుక్కున చెయ్యి తీసేశాడు.

"పని నాదే. నాను మాత్రం గీయలేదు. ఆ పొద్దున్న పెళ్లికొడుక్కి గీస్తన్నాను."

అదే పెళ్లికెళ్లిన మా బావమరిదిని అడిగాను. నిజమేనన్నాడు. పైగా పైడయ్యకి నా మాత్రల సంగతే తెలియదు.

ఆ సాయంత్రం మా ఆవిడకి అంతా చెప్పేశాను. సీసాలోంచి ఒక మాత్ర తీసి, గ్లాసుడు నీళ్లిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడింది.

ఇన్నేళ్లూ బతికే ఉన్నాను. రవిక జోకు ఇప్పుడు నేనే వేస్తాను. ఆ ఆదివారం నా చెంప పట్టుకున్న చెయ్యి ఎవరిదో మాత్రం ఈనాటికీ తెలియదు.

పైడయ్య ఇప్పటికీ వస్తాడు. కత్తి ఆనించేముందు ఒక్క మాటంటాడు. "కళ్లు ముయ్యకు బావా. నన్ను సూడు."