దీవెనమ్మ నాలుగో మాట

ప్రతి గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడో మాట ముగిసి పాట అందుకోగానే, దీవెనమ్మ చెప్పులు వేసుకుని చర్చి వెనక కుళాయి దగ్గరికి వెళ్లిపోయేది. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు వంతులవారీగా వివరించే ఆరాధన అది. పన్నెండు నుంచి మూడింటి దాకా ఫ్యాన్ల కింద చెమటలు కక్కుతూ కూర్చోవాలి. మొదటి మాట అందుకున్న పెద్దమనిషి ఏడు మాటలూ తానే చెప్పేస్తాడేమో అనిపించేంత సాగదీస్తాడు. కాబట్టి మధ్యలో ఒకామె నీళ్లకు లేస్తే ఎవరూ పట్టించుకోరు. కాకపోతే ఆమె దాహం సరిగ్గా నాలుగో మాటకే ఎందుకు పుడుతుందో, యేసు దాహమన్న ఐదో మాట వేళకు ఎందుకు తీరిపోతుందో ఎవరూ ఆలోచించలేదు.

నాలుగో మాట ఒక కేక. నా దేవా, నన్నెందుకు వదిలేశావని. ఆ కేకను ఆమె ఆస్పత్రి వార్డులో సొంత భర్త నోట వింది.

ఆమె భర్త జకర్యా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పెళ్లినాటికి అతనికి సంతకం కూడా రాదు. హాస్టల్లో ఉండి చదువుకున్న దీవెనమ్మే మల్కాజ్‌గిరి అద్దె గదిలో బైబిలు ముందు పెట్టి, అతని చూపుడువేలు పట్టుకుని అక్షరాల కింద నడిపించి చదువు నేర్పింది. తర్వాత గడగడా చదవడం వచ్చినా ఆ వేలు మాత్రం లైను వదల్లేదు. గోళ్ల సందుల్లోని గ్రీజు ఎంత సబ్బు పెట్టినా పోయేది కాదు. పుస్తకం పాడవుతోందని ఆమె కసిరితే, గ్రీజు పెడితేనే అక్షరాలు కదులుతాయని నవ్వేవాడు.

కడుపులో గడ్డ లేచి మూడు నెలలు మంచాన పడ్డాడు. ఆఖరి రోజు సాయంత్రం సంఘ పెద్దలు ప్రార్థన చేయడానికి వచ్చారు. వాళ్లందరి ముందే జకర్యా తల ఎత్తి ఆ కేక వేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత గొంతు పడిపోయింది. తెల్లారేసరికి మనిషి లేడు.

సమాధి చేసి వచ్చాక, ఇంటి వరండాలో పురుషోత్తం పక్కవాడితో అన్న మాట ఆమె చెవిన పడింది. పురుషోత్తం జకర్యాకు ముప్ఫై ఏళ్ల స్నేహితుడు, సంఘంలో పెద్ద. మంచోడే గాని పాపం ఆఖర్లో విశ్వాసం జారిపోయింది, దేవుడు వదిలేశాడని అరిచాడు అన్నాడు. కుళ్లుతో అన్న మాట కాదు, బాధతో అన్నదే. అయితేనేం, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మాట వచ్చి ఆమె గుండెలో తిష్ఠ వేసింది.

పరువు పోయిందని కాదు ఆమె బాధ. మంచివాడైన తన మనిషి చివరి గడియలో దేవుడి చెయ్యి వదిలేశాడా? వదిలేస్తే అవతలి ఒడ్డున తనకు కనిపిస్తాడా? ఈ సంగతి ఏ పాస్టరునూ అడగలేదు. అడిగితే కనిపించడంటారేమోనని భయం. జకర్యా బైబిలును చీర ముక్కలో చుట్టి పెట్టె అడుగున పెట్టేసింది. పిల్లల హాస్టల్లో వంటమనిషిగా రెండు వందల మందికి వండి, అన్నం పారేసిన పిల్లలను నోటితోనే వాయించిన మనిషి, సంఘంలో మాత్రం దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే గొంతు బాగాలేదనేది.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన పాస్టరు రోనాల్డ్ ఏడు మాటలూ స్త్రీల సమాజానికే అప్పగించాడు. చీటీలు వేశారు. దీవెనమ్మ తీసిన చీటీలో నాలుగు అంకె ఉంది. రెండో మాట వచ్చిన స్వర్ణలత టీచరును మార్చుకుందామని బతిమాలింది. స్వర్ణలత తాను అప్పుడే నోట్సు రాసుకున్నానని, పైగా నాలుగోది చాలా హార్డ్ అని తప్పుకుంది. మిగతావాళ్లూ అంతే. కుళాయి దగ్గరికి పారిపోవడానికి ఈసారి దారి లేదు.

ఏం చెప్పాలన్నా బైబిలు తెరవాలి కదా. పెట్టె అడుగు నుంచి జకర్యా పుస్తకం తీస్తే వీపు విరిగి ఆకులు జారిపోతున్నాయి. దాన్ని సంచిలో పెట్టుకుని రెజిమెంటల్ బజార్‌లో బైండింగ్ చేసే భద్రయ్య దగ్గరికి వెళ్లింది. భద్రయ్య నుదుట బొట్టు, గోడ మీద ఆంజనేయుడి పటం. పుస్తకం ఎవరిదైనా కళ్లకద్దుకున్నాకే విప్పుతాడు. నాలుగు రోజుల తర్వాత రమ్మన్నాడు.

వెళ్లేసరికి అతను కుట్టు పని ఆపి, ఒక్క ఆకును విడిగా అట్ట మీద పెట్టి ఉంచాడు. ఈ పుస్తకం చదివినాయన వేలు పెట్టి చదివేవాడా అని అడిగాడు. దీవెనమ్మ తలూపింది.

“మరకలు పుస్తకమంత ఉన్నయమ్మా. గని ఈ ఆకు జూడుండ్రి, అరిగి సన్నగైంది. రబ్బరుతోని జెర తుడుద్దామనుకున్న. మల్ల మిమ్ములను అడగంది వద్దని ఆగిన.”

అది ఇరవై రెండో కీర్తన. మొదటి లైనే ఆ కేక. అంటే చివరి రోజు పుట్టిన నిరాశ కాదన్నమాట, ఏళ్ల తరబడి లోపల ఉన్నదే. ఇన్నేళ్లూ తన పక్కన కూర్చుని ఆయన చదువుకున్నది దీన్నా అనుకుంది. స్టూలు లాక్కుని కూలబడింది.

ఆ అక్షరాల్లో ఏముందో భద్రయ్యకు తెలియదు. అతనికి తెలిసింది కాగితం. “షురూల మరక తక్కువనే ఉంది,” అన్నాడు ఆకు తిప్పి చూపిస్తూ. “వెనక జూడుండ్రి. కిందికి పోయినకొద్ది ఎక్కువైంది. ఆఖరి లైను దాక పోయింది వేలు. ఒక్కసారి గాదు, ఎన్నేండ్లు తిప్పిండో.”

అప్పుడు దీవెనమ్మ ఆకు అందుకుని చదివింది. కాపరి గురించి చెప్పే ఇరవై మూడో కీర్తన ఆమెకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. దాని పక్కింటి ఇరవై రెండు గడప మాత్రం ఎన్నడూ తొక్కలేదు. చదువుతుంటే చూసినవాళ్లు తలలాడించి ఎగతాళి చేయడం వచ్చింది. చేతులకూ కాళ్లకూ గాయాలు వచ్చాయి. బట్టల కోసం చీట్లు వేసుకోవడం వచ్చింది. అన్నీ యేసు సిలువ దగ్గర జరిగినవే. ఆకు తిప్పాక పాట మళ్లింది. బాధలో ఉన్నవాణ్ని దేవుడు తోసేయలేదని, మొహం చాటేయలేదని, మొరపెడితే విన్నాడని ఉంది. ఆఖరి లైనులో ఇంకా పుట్టని పిల్లలకు కూడా, ఆయనే ఇది చేశాడని చెబుతారని ఉంది. మరకలన్నిటికీ నల్లనిది ఆ లైను కిందే ఉంది.

తుడవొద్దని భద్రయ్యకు చెప్పి, ఇంటికి రైలెక్కకుండా నేరుగా పాస్టరు దగ్గరికి నడిచింది. రోనాల్డ్ ఆమె చెప్పిందంతా విని, పాటల పుస్తకంలో నంబర్లు లేకపోతే మీరు పాటను ఎట్లా చెప్తారని అడిగాడు. మొదటి లైను చెప్తామంది.

“అప్పటోళ్లూ అంతేనమ్మా. మొదటి లైను అంటే పాటంతా గుర్తొచ్చేది. యేసుకు వెయ్యేండ్ల ముందు దావీదు రాజు ఈ కీర్తనలో తన బాధ పాడుకున్నడు. ఆ పాట ఒక చొక్కా అనుకోండి, దాని కొలతలు పూర్తిగా సరిపోయింది మాత్రం యేసుకే అని మన నమ్మకం. అందుకే సిలువ మీద ఆయన ఆ పాట అందుకున్నడు. నొప్పి నిజమే, అది నటన కాదు. కానీ చెయ్యి వదిలేసినోడు ఎవరన్నా ‘నా దేవా’ అని పిలుస్తడా?”

ఎనిమిదేళ్లు అడగని ప్రశ్న అప్పుడు అడిగింది. “మా ఆయన గూడ గదే పాట అందుకున్నడంటరా, అయ్యగారూ?”

రోనాల్డ్ తొందరపడి ఊరడించలేదు. “నేను అక్కడ లేనమ్మా. ఆయన వేలు మాత్రం ఆఖరి దాకా పోయింది కదా,” అన్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి ఆకలి వేసి అన్నం తింది. ఇది చిన్న సంగతేం కాదు. ఇన్నాళ్లూ వేళ అయిందని తినేది. అప్పుడు తన తెలివికి తనకే నవ్వొచ్చింది. ఏటేటా నాలుగో మాటకు లోపల ఈ కీర్తనే విప్పి చెబుతుంటే, తానేమో బయట కుళాయి కింద చేతులు కడుక్కుంటూ నిలబడింది.

గుడ్ ఫ్రైడే నాడు పది నిమిషాలే మాట్లాడింది. స్వర్ణలత ఇరవై ఐదు తీసుకుంది లెండి. కొత్త అట్ట వేసిన పాత బైబిలు తెరిచి, కీర్తన మొదటి లైను చదివింది, ఆఖరి లైను చదివింది. మధ్యలో గ్రీజు వేలు ఒకటుందని చెప్పింది. మా ఆయన కేక మీలో కొందరు విన్నారు, పాట మిగతాది నేనూ వినలేదు, మీరూ వినలేదు అంది. ఎవరినీ తప్పు పట్టలేదు. ముందు వరసలో పురుషోత్తం తల దించుకుని కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక నీళ్లకు వెళ్తే, కుళాయి దగ్గర అతనే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎనభై ఏళ్ల మనిషి.

“చెల్లె, ఆ పొద్దుమూకి ఆస్పత్రిల నువ్వు మందులకు కిందికి పోయినవు. అందరు పోయిన్రు, నేనొక్కన్నే ఉన్న. గొంతు పోయినంక గూడ జకర్యా పెదవులు ఆడుతనే ఉండె. దూపైతుందనుకొని చెంచతోని నీళ్లు పోసిన. మింగలే. తల అటు తిప్పి మల్ల పెదవులు ఆడిచ్చిండు.”

అతను కర్ర మీది చేతి చూపుడువేలు చాచి చూపించాడు.

“చూపుడువేలు దుప్పటి మీద పెట్టిండు. ఇటునుంచి అటు పోయింది, మల్ల కిందికొచ్చి ఇటునుంచి అటు పోయింది. నాకేమెరుక? మతి పోయిందనుకున్న, చెల్లె.”

“ఎంత సేపు, అన్నా?”

“చానాసేపు. నువ్వు మెట్లెక్కి వచ్చేసరికి ఆగింది. అయిపోయినట్టుంది.”

దీవెనమ్మ కుళాయి గట్టు మీద కూర్చుని అందరూ వినేలా ఏడ్చింది. ఎవరో పరుగెత్తుకొస్తే ఏం కాలేదని చెయ్యి ఊపింది. నిజంగానే ఏం కాలేదు. ఎనిమిదేళ్ల బరువు దిగింది, అంతే. పురుషోత్తం తనను క్షమించమని అడగబోతుంటే అడగనివ్వలేదు. లేచి, గ్లాసు కడిగి, నిండా నీళ్లు పట్టి అతని చేతికిచ్చింది.

“తాగన్నా. ఎండల నిలవడ్డవు.”