శనివారం తిట్ల నడక

హెడ్లీ ఇబ్బట్సన్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క మనిషిని కూడా తిట్టలేదు. ఆయన తిట్లన్నీ భవనాలకే. షెఫీల్డ్ నగరం నడిబొడ్డున ఆయన చేత చివాట్లు తిన్న కట్టడాలకి లెక్క లేదు. బ్యాంకులు తిన్నాయి, చర్చిలు తిన్నాయి, బీమా కంపెనీల ఆఫీసులు తిన్నాయి. బస్టాండు పక్కన కొత్తగా కట్టిన మరుగుదొడ్డి కూడా తింది. పాపం నిన్నగాక మొన్న పుట్టిన కట్టడమే అని కూడా ఆయన జాలిపడలేదు.

ఆయన తిట్టే పద్ధతి ఒకటుంది. భవనం ఎదురుగా రోడ్డుకివతల నిలబడతాడు. నెత్తిమీద టోపీ తీసి ఎడమ చేతిలో ఉండచుడతాడు. కుడిచేతి చూపుడువేలు పై అంతస్తుకేసి పెట్టి, "ఏవిట్రా ఇది?" అని మొదలెడతాడు. ఆ తరవాత ఆపడం ఎవరి తరమూ కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాడు. అన్నేళ్లలోనూ ఒక్క కుర్రాడి మీద కూడా గొంతు పెంచలేదట. ఆ కోపమంతా జాగ్రత్తగా దాచుకుని, పెన్షనుతో పాటే తీసుకోవడం మొదలెట్టాడని పాత కట్టడాల సంఘంలో చెప్పుకునేవారు.

ప్రతి శనివారం పొద్దున ఆ సంఘం వాళ్లు ఊరు చూడవచ్చిన వాళ్లని వెంటబెట్టుకుని నది వంతెన దగ్గర్నుంచి టౌన్‌హాలు దాకా నడిపిస్తారు. నడక అంటే ఎక్కడమే. ఏడు కొండల మీద కట్టిన ఊరని షెఫీల్డ్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు గాని, అంత కష్టపడి ఎక్కినవాడికి పైన ఏ దేవుడూ కనపడడు. కనపడేది మరో ఎత్తు. ఆ నడకకి దారి చూపించేవాడు హెడ్లీ. సంఘానికి కార్యదర్శి బెర్నిస్ స్టానిఫోర్త్. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనులో కూర్చుని రోజంతా మనుషులకి మర్యాద చెయ్యడం ఆమె ఉద్యోగం. హెడ్లీ చేసిన అమర్యాదలకి క్షమాపణలు చెప్పుకోవడం ఆమె శనివారాల పని.

మొదటి క్షమాపణ బ్యాంకు దగ్గర. ముందువైపు నున్నటి రాయి, పక్క సందులోకి తిరిగితే నల్లబడ్డ ఇటుక. అది హెడ్లీకి సహించదు.

"ఏవిట్రా ఇది? పైన పటారం, లోన లొటారం. మొహానికి రాయి, వీపుకి ఇటుకా? చొక్కా ముందుపక్క ఇస్త్రీ చేసి బడికొచ్చే వెధవల్ని ఎంతమందిని చూశాను నేను. నా క్లాసులో ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి."

ఓసారి బ్యాంకు మేనేజరే బయటికొచ్చాడు. "మీకేమైనా ఇబ్బందా సార్?" అని అడిగాడు.

"మీతో కాదు బాబూ నేను మాట్లాడేది. కాస్త పక్కకి జరగండి, ఆ స్తంభం మీ చాటున నక్కింది," అన్నాడు హెడ్లీ.

మేనేజరు జరిగాడు. జరిగినందుకు సాయంత్రం దాకా తనని తనే తిట్టుకుని ఉంటాడు.

మరోసారి ఒక పెళ్లివారు మెట్ల మీద ఫొటో దిగుతుంటే, వాళ్ల తలల మీదుగా బాల్కనీని ఏకిపారేశాడు. "ఎవరూ నిలబడలేని బాల్కనీవి నువ్వెందుకు పుట్టావురా? నడమంత్రపు సిరి కాకపోతే" అంటుంటే పెళ్లికూతురి తల్లి తననే అనుకుని హ్యాండుబ్యాగు ఎత్తింది. హాలెండు నుంచి వచ్చిన దంపతులైతే ఇదేదో వీధి నాటకం అనుకుని చప్పట్లు కొట్టారు. "చప్పట్లెందుకండీ? అదేం మారింది గనక?" అని హెడ్లీ వాళ్లకేసి దిగులుగా చూశాడు.

ఆయనకి ఎదురుచెప్పగలిగిన మనిషి ఒక్కతే. విన్నీ డ్రాబుల్. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉండగా చెంచాలూ ఫోర్కులూ మెరుగుపెట్టే కార్ఖానాలో పనిచేసింది. భర్త పోయాక ఆమెకి వారానికొక్క సరదా, ఆ శనివారం నడక. హెడ్లీ టోపీ తియ్యగానే ఆమె రెండు చేతులూ కట్టుకునేది.

"ఇదిగో మొదలెట్టాడు. అదేం చేసిందయ్యా నిన్ను? ఈయన నోరు మూతపడేసరికి క్రిస్మస్ వస్తుంది. నేనైతే కూర్చుంటున్నా, అయ్యాక లేపండి," అని బ్యాంకు మెట్ల మీద చతికిలపడేది. అక్కణ్ణుంచి కొంత పైకెక్కితే పాత ప్రార్థన మందిరం. అక్కడా అంతే. ఆయన తిట్టేవాడు, ఈవిడ నిరసనగా పిట్టగోడ మీద కూర్చునేది. ఇన్నాళ్లుగా వస్తున్న మనిషికే ఇంత విసుగు పుడితే కొత్తవాళ్ల సంగతేమిటని బెర్నిస్ లోలోపల ఉడికిపోయేది.

ఉడికింది పొంగడానికి కారణం ఒక హోటలు. టౌన్‌హాలుకి కొంచెం కిందుగా కొత్తగా లేచింది. నిలువెల్లా అద్దాలే. దాని మేనేజరు మంచివాడు. సంఘం సమావేశాలకి నెలకోసారి ఊరికే గది ఇచ్చి, టీ, కేకులు కూడా పెట్టేవాడు. ఆ హోటలు గుమ్మం ముందు, టిఫిను ముగించుకుని బయటికొస్తున్న అతిథుల ఎదుట, హెడ్లీ టోపీ ఉండచుట్టాడు.

"ఏవిట్రా ఇది? నువ్వు భవనానివా, చేపల తొట్టివా? లోపల పెద్దమనిషి పళ్లు తోముకోవడం బస్సులో పోయే వాళ్లందరికీ చూపిస్తావా? సిగ్గు లేదూ?"

అందరూ తలెత్తి చూశారు. మూడో అంతస్తులో నిజంగానే ఒకాయన నురగ నోటితో నిలబడి ఉన్నాడు. మేనేజరు బెర్నిస్‌ని పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే సమావేశాలు వేరేచోట పెట్టుకోమన్నాడు. కోప్పడి చెప్పలేదు, నవ్వుతూనే చెప్పాడు. దాంతో ఆమెకి ఇంకా మండింది.

అగ్గిమీద గుగ్గిలమై ఆమె హెడ్లీ ఇంటికే వెళ్లింది.

"మీరు తిట్టకుండా ఓ గంట నడవలేరా హెడ్లీ గారూ?"

"నేను నడవగలను తల్లీ. నడకే కుదరదు."

"ఎందుకు కుదరదు?"

హెడ్లీ కిటికీలోంచి ఎదురింటి పొగగొట్టం కేసి గుర్రుగా చూశాడు. "అది పైకి చెప్పేది కాదు."

"కోపం తప్ప మీకేమైనా పైకి చెప్పడం వచ్చా? విన్నీ గారు కూడా విసిగిపోయి మెట్ల మీద కూలబడుతున్నారు. మీ కంటికి రాళ్లే గాని మనుషులు ఆనరా? ఈ శనివారం నేనే నడిపిస్తాను. మీరొస్తే రండి. నోరు విప్పారో, నడక మీ చేతికి మళ్లీ ఇచ్చేది లేదు."

మనుషులు ఆనరా అన్నప్పుడు ఆయన ముఖం ఎర్రగా కందింది. "సరే. నోరెత్తను. వెనకాల వస్తా," అన్నాడు.

శనివారం వచ్చింది. సన్నగా జల్లు. బెర్నిస్ పసుపుపచ్చ గొడుగు పైకెత్తి పట్టుకుని బయల్దేరింది. ఎక్కడా మాట పొల్లుపోలేదు. "ఈ కిటికీలు చూడండి, ఎంత ముచ్చటగా ఉన్నాయో. రండి రండి, ఇంకా చాలా ఉంది చూడాల్సింది." బ్యాంకుని రెండు ముక్కల్లో మెచ్చుకుని దాటించేసింది. ఇంత హాయిగా ఎప్పుడూ సాగలేదని మురిసిపోతూ వెనక్కి తిరిగింది.

విన్నీ చాలా కింద ఉంది. ఒక టోపీల కొట్టు అద్దం ముందు నిలబడి టోపీలు చూస్తోంది. ఒక చెయ్యి అద్దానికి ఆనించి ఉంది. భుజాలు ఎగసిపడుతున్నాయి.

కార్ఖానాలో పీల్చిన దుమ్ము ఆమె ఊపిరితిత్తులు వదిలిపెట్టలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనరు. ఆ ఊరి మర్యాద అలాంటిది. ముఖం నీలం తిరిగి నేలకొరిగేదాకా "నేను బాగానే ఉన్నా" అంటారు, ఎదుటివాళ్లు ఆ మాట నమ్మినట్టు నటించాలి. అక్కడ ఒక మనిషికి అడక్కుండా కుర్చీ చూపించడమంటే పాడె చూపించినట్టే లెక్క. ఇలాంటి పాడు మర్యాదని ఎవడు పెట్టాడో గాని వాణ్ణి ముందు తిట్టాలి. బెర్నిస్ ఆ ఊళ్లోనే పుట్టింది. అయినా కంగారులో నోరు జారింది.

"విన్నీ గారూ, కాసేపు కూర్చుంటారా?"

టోపీల కొట్టు ముందు నుంచి విన్నీ కళ్లెర్రజేసింది.

"నేనెందుకు కూర్చోవాలి? నేనడిగానా నిన్ను?"

"అదికాదండీ, అందరం ఓ రెండు నిమిషాలు ఆగుదామని..."

అందరూ ఒక్కసారి విన్నీకేసి చూశారు. ఆ చూపులే చాలు.

"నా కోసం ఎవరూ ఆగక్కర్లేదు. నేను బరువనుకుంటే చెప్పమ్మాయ్, ఇప్పుడే ఇంటికి పోతా, మళ్లీ రాను," అని విన్నీ గబగబా పైకి ఎక్కడం మొదలెట్టింది. పంతానికి ఎక్కుతోంది. ఊపిరి ఈల వేస్తోంది. అలాగే పోనిస్తే పడిపోతుంది. ఆపితే ఇంటికి పోతుంది, ఇక ఆ గుమ్మం దాటి రాదు.

బెర్నిస్ దిక్కుతోచక చుట్టూ చూసింది. పక్కనే ప్రార్థన మందిరం ఎదుటి పిట్టగోడ. మోకాలెత్తున, కూర్చోడానికి కొలిచి కట్టినట్టుంది. దిగువన బ్యాంకుకి మెట్లు. పైన హోటలు ముందు పూలమొక్కల చుట్టూ వెడల్పాటి రాతి గట్టు. హెడ్లీ తిట్టే భవనాలన్నీ ఆమెకి వరసగా గుర్తొచ్చాయి. కూర్చోడానికి చోటు లేని దగ్గర ఆయన ఒక్క భవనాన్నీ తిట్టలేదు. బ్యాంకు కన్నా అధ్వాన్నమైనవి, తిట్టడానికి వంద కారణాలున్నవి, ఎన్నింటినో నోరెత్తకుండా దాటిపోయాడు.

వెనక హెడ్లీ నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో నలిగిపోతోంది. మాటిచ్చాడు గనక పెదాలు బిగబట్టాడు. కళ్లు మాత్రం బెర్నిస్‌ని బతిమాలుతున్నాయి.

బెర్నిస్ గొడుగు మూసి, ప్రార్థన మందిరం కేసి చూపించింది.

"చూడండి, మీరేమీ అనుకోకపోతే... ఆ కిటికీ కొంచెం..."

విన్నీ ఆగలేదు. అంత మర్యాద తిట్టుకి ఎవరాగుతారు? బెర్నిస్‌కి అప్పుడొచ్చింది కోపం, నిఖార్సైన కోపం. హెడ్లీ మీద, విన్నీ మీద, తన మీద, కుర్చీ అంటే చావనుకునే ఆ ఊరంతటి మీద. ఆ కోపమంతా ఎదురుగా పగుళ్లిచ్చి ఉన్న మందిరం గోడ మీద పడింది.

"ఏవిట్రా ఇది? ఆ గోడ పగిలి ఎన్నాళ్లయింది? ఎవరికైనా చెప్పావా? చెప్పవు. పక్కనున్నవాళ్లు భుజం పడతామంటే పట్టనివ్వవు. బాగానే ఉన్నానంటావు. ఏం బాగు? పై నుంచి కింద దాకా పగిలి ఉన్నావు, మొండి మొహమా. నిన్ను చూసి అందరి గుండెలూ గుబగుబలాడుతుంటే, నువ్వు మాత్రం తలెత్తుకుని నిలబడతావు. ఎవరికోసం ఆ పొగరు? కూలిపోయాక గొప్ప గోడ అని చెప్పుకోడానికా?"

పళ్ల డాక్టరు దగ్గర మర్యాదలు చేసే గొంతు అది కాదు. ఎదర కొట్లోంచి ఇద్దరు తొంగిచూశారు. ఊరు చూడవచ్చిన వాళ్లు నోళ్లు తెరిచారు.

విన్నీ అడుగులు ఆగాయి. వెనక్కి తిరిగి, తిట్టే బెర్నిస్ కేసీ, తిట్టించుకున్న గోడకేసీ చూసింది. రెండు చేతులూ కట్టుకుంది.

"ఇదిగో, ఈ పిల్లకి కూడా అంటుకుంది రోగం. వీళ్ల నోళ్లు మూతపడేదాకా నేనైతే కూర్చుంటున్నా," అని పిట్టగోడ మీద దబ్బున కూర్చుంది.

బెర్నిస్ ఆపలేదు. తలుపుల్ని తిట్టింది, తూముల్ని తిట్టింది, మాటలు చాలక చివరికి ఎవరో ఆనించిపోయిన సైకిలుని కూడా తిట్టింది. విన్నీ ఊపిరి మెల్లగా దారిలో పడింది. ముఖానికి రంగొచ్చింది.

"బాగా పెట్టావమ్మాయ్ గడ్డి. దానికి కావలసిందే," అంది విన్నీ గోడ మీంచి, గోడనే అంటున్నట్టు. "మొండి ఘటం."

అక్కణ్ణుంచి మళ్లీ ఎక్కు. ఆ ఎక్కు చివర హోటలు. మేనేజరు గుమ్మంలోనే నిలబడి, గొడుగు చూసి నవ్వుతూ చెయ్యి ఊపాడు. విన్నీ మళ్లీ వెనకబడింది. ఈసారి ఒక బట్టల కొట్టు ముందు ఆగి, మగవాళ్ల చెడ్డీలు శ్రద్ధగా చూస్తోంది. బెర్నిస్ పూలమొక్కల గట్టు కేసి చూసింది. మేనేజరు కేసి చూసింది. నెలనెలా గది, టీ, మెత్తటి కేకులు కళ్లముందు తిరిగాయి.

"హెడ్లీ గారూ," అని గట్టిగా పిలిచింది. "ఇంత పెద్దదాన్ని తిట్టడానికి నాకింకా అనుభవం చాలదు. మీరు రండి."

హెడ్లీ టోపీ తీశాడు. ఆయన నోరు తెరిచేలోపలే విన్నీ పైకొచ్చి గట్టు మీద సర్దుకుని కూర్చుంది.