అడుగు చేపల మీసాలు

బుజ్జమ్మా, నువ్వు పోయావని నర్సు ఆసుపత్రి వరండాలోకి వచ్చి చెప్పినప్పుడు నేను నీకోసం తెచ్చిన గంజి చల్లారబెడుతున్నాను. జ్వరమని చేర్పించిన మూడో రోజు అది. ఆ గంజి ఏమైందో నాకిప్పటికీ గుర్తు రావడం లేదు.

చదివేవాళ్ళకు చెబుతున్నాను. నా కూతురు ధర్మవరంలో రంగు చేపల అంగడిలో పని చేసేది. మాది మగ్గం ఇల్లు. మగ్గం పక్కన గోడవారగా అద్దాల తొట్టి ఒకటి తెచ్చి పెట్టింది. అందులో ఆరు చేపలు. బొటనవేలంత ఉంటాయి, మట్టి రంగు, నోటి చుట్టూ చిన్న మీసాలు. పైకి పెద్దగా రావు. అడుగున ఇసుకను మీసాలతో తడుముకుంటూ తిరుగుతాయి. అంగట్లో వాటి మీసాలు సగం రాలిపోయి ఉంటే, ఎవరూ కొనరని పారేయబోయారు. ఈమె ఇంటికి తెచ్చుకుంది.

అంగడాయన కొనేవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "ఈ చేపను ఏసుకుంటే చాలన్నా, అడుగున గలీజంతా అదే తినేస్తాది. తొట్టి కడిగే పనే ల్యా." ఆ మాట వింటే నా కూతురికి రోత. ఒకసారి నేను అక్కడ ఉండగానే కొనే మనిషి ముందు అంగడాయనతో అనేసింది.

"గలీజు పెడితే నువ్వు తింటావా అన్నా? దానికీ తిండి పెట్టల్ల. తొట్టీ కడగల్ల."

కొనే మనిషి నవ్వాడు. "ఏమప్పా, నీ దగ్గర పనిచేసే పిల్లే నీ యాపారం చెడగొడతాండాది." అంగడాయన నవ్వలేదు.

ప్రతి ఆదివారం రబ్బరు గొట్టం ఇసుకకు ఆనించి, అడుగు మురికితో సహా పావు తొట్టి నీళ్ళు బకెట్లోకి లాగేది. మొదటిసారి చూసి పోట్లాడాను. మా వీధికి కొళాయి మూడు రోజులకోసారి వస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు కూడా ఊరికే పోనివ్వం.

"తేటగా ఉండే నీళ్ళు తీసి పారబోస్తావేమే?"

"పారబొయ్యనులేమా, కరివేపాకు చెట్టుకు పోస్తా. తేటగా ఉంటే బాగుండాయని కాదు. గలీజు పైన కనపడదు, అడుగున కూసోనుంటాది."

పెద్దకర్మ నాడు బిడ్డకు ఇష్టమని పప్పూ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, అన్నం ముద్దతో పాటు పెట్టాము. కాకి ముట్టలేదు. ఎండలో చాలాసేపు నిలబడ్డాము. ఇంటికి వచ్చాక ఆ ఓళిగలో కొంచెం తుంచి తొట్టిలో వేశాను. చేపలు వచ్చి మూతి పెట్టాయి. బిడ్డకు ముట్టినట్టే అనిపించింది. ఇక ఆ రోజు నుంచి నా కంచంలో మొదటి ముద్ద వాటికే. ఒక్కోరోజు కంచమంతా వాటికే. ఎండలకు నీళ్ళు తగ్గితే చెంబుతో పైన పోసేదాన్ని. ఒక్క చెంబు కూడా బయటికి తీయలేదు. తేటగానే ఉన్నాయి కదా అనుకున్నాను.

నెల తిరిగాక మా ఆడబిడ్డ వచ్చి గడపలోనే ముక్కు మూసుకుంది.

"ఏం గబ్బు వదినా ఇది? ఈ తొట్టి వల్లనే బిడ్డకు జరం తగిలింటాది. తీస్కపోయి మోరీలో పొయ్యి."

బిడ్డ ఉన్నప్పుడు ఆ తొట్టి ఏనాడూ వాసన రాలేదు. అది చెబుదామని దగ్గరికి పోయి చూశాను. చేపలు పైకి వచ్చి గాలి గుటక వేసి, రాయిలా అడుగుకు పడిపోతున్నాయి. మీసాలు మొదలంటా అరిగిపోయాయి. మూతులు ఎర్రగా పుండ్లు పడి, వాటి మీద దూది లాంటి బూజు. గరిటెతో ఇసుక కదిపితే నల్లటి బురద లేచింది, కుళ్ళిన గుడ్డు కంపుతో. అందులోంచి ఓళిగ ముక్క ఒకటి తేలింది, జిగురుగా, వెంట్రుకలు మొలిచినట్టు. చేపల రోగమంతా నేను పెట్టిందే. నా బిడ్డ సాకినవాటి నోట్లో నేను కుళ్ళు కుక్కాను. నా చేతులంటే నాకే అసహ్యం వేసింది.

"మోరీలో పొయ్యనులే అమ్మీ," అన్నాను ఆడబిడ్డతో. "పని ఉండాది."

గొట్టం నోట పెట్టి పీల్చాను. బిడ్డ ఎంత నేర్పుగా పీల్చేదో గాని, నాకు ఒక గుక్క నోట్లోకే వచ్చేసింది. ఆ రుచి రాయలేను. వాకిట్లోకి పరిగెత్తి డోకుకున్నాను. ఏమీ రాలేదు, పైత్యం తప్ప. మా ఆయన మగ్గం దిగి వచ్చాడు.

"కక్కేదానికి నీ కడుపులో ఏముండాది? పొద్దున్నించీ ఏం తిన్నావు?"

నేను చెంబు అందుకుని నోరు పుక్కిలించాను.

"చూస్తానే ఉండా. నీ తిండంతా ఆ తొట్టిలోకే పోతాండాది. అవీ సస్తాండాయి, నువ్వూ సస్తాండావు. ఆ గొట్టం ఇట్లా ఇయ్యి."

ఇద్దరం కలిసి చేశాము. నీళ్ళన్నీ ఒక్కసారే మారిస్తే చేపలు తట్టుకోలేవని బిడ్డ చెప్పేది. అందుకని రోజు మార్చి రోజు పావు తొట్టి తీసి, కొళాయి వచ్చినప్పుడే పట్టి నిలవ ఉంచిన నీళ్ళు పోశాము. మా ఆయనకు పట్టుతో పని, చేతికి ఆ కంపు అంటకూడదు. మగ్గం ఎక్కేముందు మూడుసార్లు సబ్బుతో కడుక్కునేవాడు. ఒక్క మాట విసుక్కోలేదు. రెండు చేపలు చనిపోయాయి. నాలుగు మిగిలాయి. ఇప్పుడు వాటికి రోజుకు నాలుగు చేపమేత గుళికలు, అడుగుకు దిగే రకం, అంతే. మొన్న ఒకదానికి మూతి పక్కన మీసం మళ్ళీ మొలవడం చూశాను, సూది మొనంత, తెల్లగా. ఇసుకను దాంతో తడుముకుంటూ ఉంది.

నిన్న మా ఆయన ఎదురుగా కూర్చుని జొన్నరొట్టె, శెనక్కాయలు నూరిన ఊరిబిండి నంజుకుని తిన్నాను. రెండో రొట్టె అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగాను. ఇంట్లో మనిషి పోయి, మెతుకు మింగుడు పడకుండా ఇది చదువుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, లేచి వేడిగా ఏదైనా చేసుకుని బాగా తినండి.